ట్రిగ్గర్ కొనేముందు కెమెరా నెత్తిన చూడండి

పావగడ తాలూకాలో పెళ్ళి ఫొటోలు తీసేవాడికి మొదటి పంచాయితీ పెళ్ళివాళ్ళతో కాదు, వెలుతురుతో. ముహూర్తం తెల్లవారుజామున పెడతారు. ఇంటిముందు చప్పరం, పైన కొబ్బరిమట్టలు, ఒక గుంజకు ట్యూబులైటు, ఇంకో గుంజకు రంగులు మార్చే సీరియల్ లైట్లు. పెళ్ళికూతురు ముఖం ఒక నిమిషం ఎర్రగా, ఇంకో నిమిషం పచ్చగా ఉంటుంది. అదే జంటను మధ్యాహ్నం బయట నిలబెడితే, ఎండ నడినెత్తిన ఉండి కండ్ల కింద బొగ్గు పూసినట్టు నీడలు పడతాయి. మా ఎండ సంగతి చెప్పేదేముంది? తిరుమణి చుట్టుపక్కల 13 వేల ఎకరాల్లో పలకలు పరిచి 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టినారంటే ఊరికే కట్టలేదు కదా.

ఈ రెండు పూటలా ఆదుకునేది ఫ్లాషే. అయితే దాన్ని కెమెరా నెత్తిన పెట్టి ఎదురుగా కొడితే ముఖం సున్నం కొట్టిన గోడ మాదిరి అవుతుంది, వెనక గోడ మీద నల్లని నీడ పడుతుంది. ఫ్లాష్‌ను తీసి ఒక పక్కగా, మనిషి తలకంటే ఎత్తులో, తెల్ల గొడుగు లోంచి కొట్టి చూడండి. ముక్కుకు రూపం వస్తుంది, పట్టుచీర జరీ మెరుస్తుంది, తలంబ్రాల బియ్యం గింజ గింజా కనిపిస్తుంది. ఖర్చు పెరగకుండా పని బాగుపడే దారి ఇంతకంటే ఇంకోటి లేదు. దూరంగా ఉన్న ఆ ఫ్లాష్‌కు "ఇప్పుడు వెలుగు" అని కెమెరా చెప్పాల. ఆ కబురు మోసేదే ట్రిగ్గర్.

నేను ఈ పనిలో పాతికేళ్ళుగా ఉన్నా. మా నాయన బెంగళూరులో మిల్లు పని చేసినాడు. మిల్లు మూతపడినాక చేతికి వచ్చిన డబ్బులో కొంత తీసి నా మొదటి కెమెరాకు ఇచ్చినాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, మన ఇళ్ళలో ఏ పిల్లోడు కెమెరా పట్టినా నాకు ఫోన్ వస్తుంది. ఈమధ్య అందరూ అడిగేది ఒకటే: "అన్నా, తక్కువలో మంచి ట్రిగ్గర్ ఏది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే పత్రికలో రాస్తే నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నా.

అన్నిటికంటే తక్కువ ఖర్చు వైరు. కెమెరాకూ ఫ్లాష్‌కూ మధ్య సింక్ వైరు పెడితే సెల్లు అక్కరలేదు, సిగ్నల్ తప్పదు. ఇంట్లో నామకరణం, బారసాల లాంటివాటికి ఇప్పటికీ చాలు. పెళ్ళిలో మాత్రం వద్దు. పిల్లోళ్ళు తట్టుకొని స్టాండుతో సహా పడతారు. రెండోది కంటి ట్రిగ్గర్. ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి ఇది వెలుగుతుంది. చాలా ఫ్లాష్‌లలో ఎస్1, ఎస్2 అని ఉండేది ఇదే. ఎస్1 మొదటి మెరుపుకే లేస్తుంది. ఎస్2 ముందు వచ్చే చిన్న మెరుపును లెక్కచేయకుండా అసలు మెరుపుకు లేస్తుంది. స్టూడియో గదిలో ఇది భేష్. పెళ్ళిలో అయితే మన ఫ్లాష్ పక్కవాని ఫ్లాష్‌కు కూడా వెలిగి, మనకు కావల్సిన క్షణానికి ఛార్జ్ లేక కూర్చుంటుంది. ఎండలో దానికి కన్నే కనపడదు. కాబట్టి పెళ్ళి పని చేసేవాడికి మిగిలేది రేడియో ట్రిగ్గర్ ఒకటే.

రేడియోలో ఏది అన్న మాట తర్వాత. ముందు మీ కెమెరా నెత్తిన, ఫ్లాష్ దూర్చే చోట చూడండి. దాన్ని షూ అంటారు. మామూలుగా అక్కడ మధ్యలో ఒక పెద్ద గుండ్రటి చుక్క, దాని వెనక మూడు నాలుగు చిన్న చుక్కలు ఉంటాయి. తక్కువ ధర ట్రిగ్గర్లన్నీ మాట్లాడేది ఆ పెద్ద చుక్కతోనే. కానీ కొత్తగా పని నేర్చుకునే పిల్లలు కొనే కెనాన్ 3000డి, 200డి మార్క్ 2 లాంటివాటిలో ఆ పెద్ద చుక్క లేదు. చిన్నవి మాత్రమే ఉన్నాయి. వాటిమీద ఒక్క పిన్ను ట్రిగ్గర్ పెడితే లైటు వెలుగుతుంది, బటన్ నొక్కితే ఫ్లాష్ కూడా పేలుతుంది, కెమెరా క్లిక్ కొడితే మాత్రం ఉలకదు పలకదు.

మా అక్క కొడుక్కు జరిగింది ఇదే. వాడు స్పిన్నింగ్ మిల్లులో రెండో షిఫ్టు చేస్తాడు, సెలవుల్లో ఫొటోలు తీస్తాడు. వాని దగ్గర ఉండేది 3000డి. ఒక అంగడిలో "అన్ని కెమెరాలకూ పనిచేస్తుంది" అన్నారని ఒక సెట్టు తెచ్చుకున్నాడు. రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసి, "మామా, కెమెరా చెడిపోయినట్టుంది" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

"చెడిపోలేదు అల్లుడా. షూ మధ్యలో వేలు పెట్టి చూడు, గుండ్రంగా ఏమైనా తగులుతుందా?"

"ఏమీ లేదు మామా, నున్నగుంది."

"అదే సంగతి. రేపు పొద్దున డబ్బా పారేయకుండా తీసుకొని రా."

అంగడివాడు వాపసు తీసుకోలేదు. ఆ సెట్టును నా దగ్గరుండే పాత కెమెరాకు పెట్టుకొని, దాని డబ్బు వానికి ఇచ్చేసినా. కెమెరా మార్చాల్సిన పని లేదు. కెనాన్ చిన్న చుక్కల భాష తెలిసిన ట్రాన్స్‌మిటర్ ఉంటే చాలు. గోడాక్స్ ఎక్స్2టీ లో కెనాన్‌కు చేసిన రకం ఇట్లాంటి కెమెరాలతో పనిచేస్తుంది. అందులో కూడా కెనాన్ రకం, నికాన్ రకం, సోనీ రకం వేరువేరు. డబ్బా మీద చివర ఉండే అక్షరం చూడండి. కెనాన్‌కు 'సీ', నికాన్‌కు 'ఎన్', సోనీకి 'ఎస్'. తొందరలో ఒక అక్షరం మారితే మళ్ళీ బస్సు ఛార్జీ పెట్టుకొని తిరగాల.

ఇప్పుడు వెయ్యీ పదిహేను వందల సెట్ల సంగతి. ఒక ట్రాన్స్‌మిటర్, ఒకటి రెండు రిసీవర్లు, నాలుగు ఛానెళ్ళు. ఇవి పనికిరావని నేననను. సొంత గదిలో పాస్‌పోర్ట్ ఫొటోలకు ఏళ్ళ తరబడి నడిచినవి చూసినా. పెళ్ళిలోనే కష్టం. మాకు తెలిసిన ఒక పిల్లోడు నాగలమడికె దగ్గర ఒక ఊర్లో పెళ్ళి ఒప్పుకున్నాడు. పెళ్ళికూతురు నాయన మిల్లు కార్మికుడే. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పన్నెండు ఫొటోలు కొడితే నాలుగింటికే ఫ్లాష్ వెలిగింది. చుట్టూ బంధువులు మూగినారు, రిసీవర్ వాళ్ళ నడుముల వెనక పడిపోయింది. వెలిగిన నాలుగింటిలో రెండిట్లో పెళ్ళికొడుకు కండ్లు మూసినాడు. ఆల్బం ఇచ్చిన రోజు ఆ పెద్దాయన కొట్లాడలేదు. పేజీ తిప్పి, "ఇది మళ్ళీ తీసేది కాదు కదా నాయనా" అని మాత్రం అన్నాడంట. ఆ పిల్లోడే నాతో చెప్పినాడు. డబ్బు తగ్గించి ఇచ్చింటే బాగుండేది అన్నాడు.

మగ్గం మీద ఒక్క పోగు తెగితే మగ్గమే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మీకు నాకంటే బాగా తెలుసు. ట్రిగ్గర్‌కు ఆ ఏర్పాటు లేదు. తప్పినా కెమెరా క్లిక్ అంటూనే ఉంటుంది. అందుకే నేను ట్రిగ్గర్‌లో ధర కంటే ముందు, వందసార్లు నొక్కితే ఎన్నిసార్లు వెలుగుతుంది అని చూస్తా.

తప్పడానికి కారణాలు కూడా అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. ఇప్పటి ట్రిగ్గర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. మనిషి ఒంట్లో నీళ్ళు ఎక్కువ కాబట్టి ఈ అలలను ఒళ్ళు మింగేస్తుంది. అందుకే ఫ్లాష్‌ను జనం తలలకంటే పైన పెట్టాల. డబ్బా మీద వంద మీటర్లు అని రాసుంటే అది బయలు మైదానం లెక్క, మన చప్పరం లెక్క కాదు. ఇంకోటి, గుడి దగ్గర ఒకే ముహూర్తానికి రెండు మూడు పెళ్ళిళ్ళు జరిగితే నాలుగు ఛానెళ్ళ సెట్టు ఉన్నవాళ్ళు ఇద్దరు ఒకే ఛానెల్ మీద పడతారు. వాడు నొక్కితే నాది వెలిగింది, నేను నొక్కితే వానిది వెలిగింది. ఒకసారి ఇట్లే ఇద్దరం ఒకరినొకరం చూసుకొని నవ్వుకొని ఛానెళ్ళు పంచుకున్నాం. గోడాక్స్ లాంటివాటిలో 32 ఛానెళ్ళు, వాటిమీద 1 నుంచి 99 వరకు ఐడీ నంబరు కూడా ఉంటుంది. పక్కవాడితో ఢీకొనే పని దాదాపు ఉండదు.

అందుకే నా సలహా ఇది. విడిగా ఫ్లాష్, విడిగా రిసీవర్ అని కొనకండి. రిసీవర్ లోపలే ఉన్న మాన్యువల్ ఫ్లాష్ కొనండి, అదే కంపెనీ ట్రాన్స్‌మిటర్ కొనండి. గోడాక్స్ టీటీ600 అట్లాంటిదే. మధ్య చుక్క ఉన్న కెమెరా అయితే యోంగ్‌నువో వైఎన్560 నాలుగో రకం, దాని ట్రాన్స్‌మిటర్ కూడా అదే దారిలోవి. రిసీవర్‌కు వేరే సెల్లు లేదు, విరిగే కాలు లేదు, వదులయ్యే జాయింటు లేదు. ట్రాన్స్‌మిటర్ మీదనుంచే ఫ్లాష్ పవరు పెంచొచ్చు, తగ్గించొచ్చు. పందిట్లోకి పోయి స్టాండు దించే పని తప్పుతుంది. ట్రాన్స్‌మిటర్‌కు దాదాపు ఇంకో ఫ్లాష్ అంత ధర అవుతుంది కదా అని అడుగుతారు. అవుతుంది. కానీ రేపు రెండో ఫ్లాష్ కొన్నప్పుడు మళ్ళీ రిసీవర్ కొనే పని లేదు.

టీటీఎల్ అనే ఆటోమేటిక్ ఫ్లాష్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. నడుస్తూ తిరుగుతూ తీసేవాళ్ళకు అది పనికొస్తుంది. స్టాండు మీద ఒకచోట నిలబెట్టిన ఫ్లాష్‌కు అక్కరలేదు. తెల్ల పంచె, ఎర్ర చీర పక్కపక్కన ఉంటే ఆటోమేటిక్ లెక్క ఫొటో ఫొటోకూ మారుతుంది. మాన్యువల్‌లో ఒకసారి కుదిరితే ముహూర్తం అయిపోయేవరకు కుదిరినట్టే. ఒకటే గుర్తుంచుకోండి. ఫ్లాష్‌కూ మనిషికీ దూరం రెట్టింపు అయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పీటలు జరిపితే పవరు మార్చుకోవాల.

షట్టర్ సంగతి కూడా చెప్పాల. కెమెరాలో రెండు తెరలు ఉంటాయి. ఒకటి తెరుచుకుంటుంది, వెనకాలే రెండోది మూసుకుంటుంది. స్పీడు 1/200 దాటితే, చాలా కెమెరాల్లో మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయలుదేరుతుంది. అప్పుడు ఫొటోలో ఒక అంచున నల్లని పట్టీ వస్తుంది. తక్కువ ధర ట్రిగ్గర్లలో సిగ్నల్ కొంచెం ఆలస్యం కాబట్టి 1/160 దగ్గరే ఆగేది మేలు. చప్పరం కింద ఇది సమస్యే కాదు, 1/100 చాలు. మధ్యాహ్నం కోట గుట్ట దగ్గర జంటను నిలబెట్టినప్పుడే ఇరుకు. 1/200, ఐఎస్ఓ 100 పెడితే మా ఎండకు ఎఫ్ 11 దాకా మూయాల్సి వస్తుంది. అప్పుడు చిన్న ఫ్లాష్‌ను గొడుగు తీసేసి, నిండు పవరులో, నాలుగైదు అడుగుల దగ్గరికి తేవాల. హైస్పీడ్ సింక్ ఉంటే షట్టర్ పెంచొచ్చు గానీ, ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది. నన్నడిగితే జంటను చింతచెట్టు నీడలో నిలబెట్టేది సుళువు. అది ఊరికే దొరుకుతుంది.

ఇంట్లో ఫిలిం కాలపు ఫ్లాష్ ఉంటే దాన్ని ట్రిగ్గర్‌కు తగిలించే ముందు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న మామనో అన్ననో పిలవండి. ఫ్లాష్ ఛార్జ్ అయినాక కాలి మధ్య చుక్కకూ పక్క రేకుకూ మల్టీమీటరు పెట్టి డీసీలో చూడమనండి. కొన్ని పాతవాటిలో 200 వోల్టులు దాటి ఉంటుంది. దాన్ని తట్టుకోలేని కెమెరాలు, రిసీవర్లు ఉన్నాయి. ఐదారు వోల్టుల లోపల ఉంటే భయం లేదు.

సెల్లుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్లులు ఫ్లాష్‌కు నాలుగు చొప్పున రెండు జతలు, ట్రాన్స్‌మిటర్‌కు ఒక జత పెట్టుకోండి. మామూలు సెల్లులు వేస్తే సగం పెళ్ళికే ఫ్లాష్ ఆలస్యంగా ఛార్జ్ అవుతుంది, అందరూ ట్రిగ్గర్‌ను తిడతారు. ఫ్లాష్ సెట్టింగులో నిద్రపోయే ఏర్పాటు కూడా తీసేయండి. పురోహితుడు మంత్రాలు చదివే అరగంటలో అది నిద్రపోతే లేపేవాడు ఉండడు. సెట్టింగు పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అంగడిలో కన్నడలో చెప్తారు, ఇంటికొచ్చి మనం తెలుగులో తిట్టుకుంటాం. ఎవరినన్నా అడగడానికి మొహమాటపడొద్దు.

అక్క కొడుకు పోయిన నెల కెనాన్ రకం ఎక్స్2టీ ఒకటి, టీటీ600 ఒకటి తెచ్చుకున్నాడు. గొడుగు నాది ఇచ్చినా. స్టాండు కాలికి కట్టడానికి ఇసుక సంచి మా అక్క పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి కుట్టింది. కొన్న రోజే వాన్ని ఇంటి వెనక పశువుల కొట్టం అవతల నిలబెట్టి, మధ్యలో మనుషులను నడిపిస్తూ వందసార్లు నొక్కించినా. వందకు వంద వెలిగింది. మాఘమాసానికి మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. రెండో ఫ్లాష్ కూడా కావాలంటున్నాడు. ఈ మూడింటి డబ్బు చేతికి వచ్చినాక చూద్దాం అల్లుడా అన్నా.