వీడ్కోలు పాట

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, మహబూబాబాదునకును డోర్నకలునకును నడుమ గార్ల యున్నది. 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనిదగు నీ యూరు నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. చైత్రమున భద్రాద్రి సీతారాముల కల్యాణము ముగియగనే యీ సీమలో పెండ్లి బాజాలు మ్రోగును, అప్పగింతల పాటలు వినవచ్చును. మన యిండ్లలో వధువు తలవంచుకొని యుండగా పెద్దలు అణకువను బోధించుచు పాడుదురు. చుట్టుపట్ల తండాలలో నన్ననో, లంబాడీ వధువు పుట్టింటివారిని కౌగిలించుకొని ‘ఢావలో’ యను వీడ్కోలు పాటను తానే పాడును. పోవు పిల్లకే గొంతు నిచ్చిన యీ యాచారము మాకు మిక్కిలి నచ్చినది.

జపానులోను వసంతమే వీడ్కోళ్ల ఋతువు. మార్చిలో చదువులు ముగియును. ఏప్రిలులో క్రొత్త బడులు, కొలువులు మొదలగును. 1881 నాటి బడిపాటల పుస్తకములోని ‘హొతారు నో హికారి’ స్కాట్లండు బాణీలో నడచు వీడ్కోలు పాట. ఆ దేశముననే పుట్టిన కరావోకేలో, గాత్రము లేని వాద్యములకు ఎవరి పాటను వారే యెన్నుకొని పాడుకొందురు.

సోదరీమణులారా! పిల్లను సాగనంపునపుడు ఓర్పు నేర్పు పాట యొక్కటే చాలదు. కష్టము వచ్చినచో పుట్టింటి తలుపు తెఱచియే యుండునని చెప్పు పాటయు నుండవలెను. ఏ పాట కావలెనో ముందుగా పిల్లనే యడుగుడు.