జెరాక్స్ ప్రాజెక్టు

ఏందక్కా, పొద్దుగాల్నే ఆ బట్టల్ని గట్ల బాదుతున్నవు? అవేం పాపం చేసినయ్? ఓ, మీవాని సార్ మీదనా కోపం! పదో తరగతి పిల్లగాన్ని అందరి ముంగట నిలబెట్టిండని మా పిల్ల గూడ చెప్పింది. ఎందుకు నిలబెట్టిండో మీవాడు చెప్పిండా?

చెప్పడు లే. నేను చెప్త ఇను. బడిల పెట్టే ఎఫ్‌ఏ పరీక్షకు సైన్స్ ప్రాజెక్టు ఉంటది గద, అయిదు మార్కులది. మీవాడు జెరాక్స్ షాపుల పైసలిచ్చి తెచ్చుకున్నడు. పైన రంగు అట్ట, లోపట కుంభాకార కటకం బొమ్మ, అంత మంచిగనే ఉన్నదట. ఆఖరు పేజీల కింద మటుకు ఎవరో ఆడపిల్ల పేరు! అది గూడ చూస్కోలేదు మీవాడు. సార్ తిట్టలేదట. "బొమ్మ నువ్వే గీసినవు గద నాయనా, ప్రతిబింబం ఎటు దిక్కు పడ్తదో చెప్పు" అన్నడట. వీడు కిందికి చూసుడే.

నవ్వకు, నీ కొడుకే.

మన చిన్నప్పుడు సార్లంటే ఎంత భయముండె అంటవు. ఉండె, చింతబరిగె ఉన్నన్ని రోజులు. సార్ అటు తిరగంగనే పేర్లు పెట్టుడు మర్చిపోయినవా? అదేం మర్యాద? కొట్టొద్దు, మనసు నొప్పియ్యొద్దు అని 2009 విద్యాహక్కు చట్టంల రాసిన్రు, మంచి పనే చేసిన్రు. కని బరిగె పోయినంక పిల్లగాడు తన పని తానే చేస్కోవాలె గద. ఆ సంగతి మనం ఇంటికాడ చెప్పాలె, మనమేమో సార్ల మీదికి లేస్తున్నం.

పదోతరగతిల ఎనభై మార్కులు పరీక్షకు, ఇరవై బడిల పెట్టే ఈ ఎఫ్‌ఏలకు. ఆ ఇరవై తీసేస్తమని 2024 నవంబర్‌ల సర్కారు చెప్పింది, మళ్ల ఆ ఏడుకు ఆపింది. ఎందుకు తీస్తమన్నరంటే గిట్లాంటి జెరాక్స్‌లు చూసే కావొచ్చు అనిపిస్తది నాకైతే.

మార్కుల కోసం ఎంత దూరం పోతరో, కమలాపూర్ ముచ్చట యాదికున్నదా? మన జిల్లనే గద. 2023 ఏప్రిల్ 4న హిందీ పరీక్ష. బయటి పిల్లగాడు ఎవడో కిటికీ కాడికి ఎక్కి, లోపట రాస్తున్న పిల్లగాని పేపర్‌ను ఫోన్ల ఫోటో కొట్టిండు. జర సేపట్లనే వాట్సాప్‌ల ఊరంత తిరిగింది. లోపట రాస్తున్న ఆ పిల్లగాన్ని డిబార్ చేస్తే హైకోర్టు దాక పోవాల్సొచ్చింది. డ్యూటీల ఉన్న సార్ల మీద వేటు పడ్డది. హిందీల ఇరవై వస్తే పాసు అక్కా, ఇరవై! గంత దానికి ఎంతమంది బతుకులు ఆగమైనయో చూడు. ఆ రోజు టీవీలల్ల లీడర్ల లొల్లే గని, ఇరవై మార్కుల చదువు ఎందుకు రాకపాయెనని ఒక్కడన్న అడిగిండా?

మనం గొప్పలు చెప్పుకుంటం, కాజీపేట అంటే చదువుల ఊరని. ఫాతిమానగర్‌ల గాబ్రియేల్ బడి 1955 సంది ఉన్నది. ఎన్ఐటీకి 1959ల నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిండు, అప్పుడు దాని పేరు ఆర్ఈసీ. ఆ గేటు ముంగట నుంచి మనం కూరగాయలకు పోతం. అట్లని మన పిల్లలకు సీటు ఊకెనే ఇస్తరా?

బడికి పోయి సార్‌ను అడుగుతనంటవు. పో, వద్దనను. పోయే ముందు మీవాని సైన్స్ నోటుబుక్కు తెరిచి చూడు. మొన్న మా పిల్ల నోట్స్ కోసం అడుక్కొస్తే నేను తిరగేసిన. దసరా దాక ప్రతి పేజీల ఎర్రపెన్ను ఉన్నది, తప్పు కాడ గీత, పక్కన సరైన జవాబు, కింద తారీఖు, సంతకం. తరగతిల ఉన్నోళ్లందరి బుక్కులు గట్లనే దిద్దుతడు ఆ సార్. మీవాడు ఒక్క తప్పన్న మళ్ల రాసిండా? దసరా తర్వాత బుక్కే ఇయ్యలేదు. పొద్దుగాల స్పెషల్ క్లాసుకు సార్ హన్మకొండ నుంచి బస్సెక్కి వస్తడు, మీవాడు ఈ గల్లీల నుంచి పోను లేటయితడు.

సరే, ఇప్పుడు చేసేది చెప్త. రేపు ఆదివారం, మీవాన్ని తెల్లకాగితం పట్టుకొని మా ఇంటికి తోలు. మా ఆయన కాడ బూతద్దం ఉన్నది. గోడ ముంగట కాగితం పెట్టి, కిటికీకి ఎదురుంగ అద్దం పట్టి ముందుకు వెనుకకు జరిపితే, కిటికీ తలకిందులుగ పడ్తది కాగితం మీద. వాడే చూస్కోని, వాడే గీయనీ. వంకరొచ్చినా ఫర్వాలేదు. సార్ ఇంకో వారం గడువిచ్చిండట, అది గూడ చెప్పలేదా నీకు?