పసుపు పడని అమ్మవారు

ఆ అబ్బాయి గోళ్ల సందుల్లో ఎప్పుడూ రంగు ఉండేది. ఒకసారి నీలం, ఒకసారి గులాబీ. వేళ్ల కొసలు బీటలు వారి ఉండేవి. అయినా అతను చెప్పుకున్న బాధ చేతుల గురించి కాదు, తలనొప్పి గురించి. కార్ఖానా మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక ఫ్లెక్స్ షాపులో మిషన్ ఆపరేటర్. వయసు ఇరవై రెండు. మూడు నెలల్లో నాలుగుసార్లు నా దగ్గరికి వచ్చాడు. బీపీ చూశాను, కళ్ల పరీక్షకు పంపాను, రక్తపరీక్షలు చేయించాను. అన్నీ బాగున్నాయి. ప్రతిసారీ మాత్ర రాశాను. వేసుకుంటే తగ్గేది, మళ్లీ వచ్చేది. తగ్గుతోంది కదా అని నేను అంతకు మించి ఆలోచించలేదు. అది నా తప్పే.

లష్కర్ బోనాలకు వారం ముందు, క్లినిక్ బోర్డు వెలిసిపోయిందని కొత్తది వేయించడానికి ఆ షాపుకే వెళ్లాను. అక్కడంతా కంగారుగా ఉంది. పది బై ఎనిమిది అమ్మవారి ఫ్లెక్స్ మిషన్ మీద సగం వరకు వచ్చింది. పైభాగంలో కిరీటం బంగారంలా మెరుస్తోంది. కిందికి వచ్చేసరికి పసుపు పూసిన ముఖం పాలిపోయింది, కుంకుమ గులాబీ అయింది, బోనం చుట్టూ వేపమండలు నీలంగా మారాయి. నాలుగు రంగుల్లో పసుపు ఒక్కటి పడకపోతే అంతే, ఎరుపూ ఆకుపచ్చా రెండూ చెడిపోతాయి.

"లైన్లు పడ్తున్నయి సార్, పసుపు ఆగుత లేదు" అన్నాడు ఆ అబ్బాయి. సాల్వెంట్‌లో ముంచిన గుడ్డతో, ఒట్టి చేత్తో, ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్ కింద తుడిచాడు. ఇంకు ఒత్తి వదిలాడు. టెస్ట్ ప్రింట్ కొడితే ఒక్క గీత కూడా తెగలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. రెండు అడుగులు రాగానే పసుపు పోయింది. పొద్దుటి నుంచి అది పన్నెండోసారట.

అప్పుడు వచ్చాడు మెకానిక్, అరవై దాటిన మనిషి. హెడ్‌ను ముట్టుకోనే లేదు. ముందు పాత టెస్ట్ కాగితాలన్నీ తెమ్మన్నాడు. "మొదలువెట్టంగనే పోతుందా, కొంచెం కొట్టినంక పోతుందా?" అని అడిగాడు. తర్వాత నాకోసమే అన్నట్టు విడమరిచి చెప్పాడు. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే ప్రతి టెస్టులోనూ అదే గీత, అదే చోట తెగుతుంది. ఫ్లెక్స్ జరిగే స్టెప్పు తప్పితే అన్ని రంగుల్లోనూ ఒకే ఎడంలో చారలు వస్తాయి. అక్షరాలకు నీడ పడితే, పోయేటప్పుడు పడ్డ చుక్కకూ వచ్చేటప్పుడు పడ్డ చుక్కకూ పొత్తు కుదరలేదని అర్థం. మొదట బాగుండి, కొట్టే కొద్దీ మాయమై, ఆపితే మళ్లీ బాగవుతోందంటే ఇంకు అందడం లేదు. జబ్బు హెడ్‌లో లేదు, దారిలో ఉంది.

పసుపు పైపును వేలితో పట్టుకుని ట్యాంకు దాకా వెళ్లాడు. ఫిల్టర్ దగ్గర జాయింటు వెంట్రుకవాసి పగిలి ఉంది. అక్కడి నుంచి గాలి బుడగలు పూసల్లా వరసగా కదులుతున్నాయి. జాయింటూ ఫిల్టరూ మార్చాడు. "హెడ్‌కు ఏం గాలే. మీరే కడిగి కడిగి ఖరాబు చేసేటోళ్లు" అన్నాడు.

ఆ హెడ్‌లో ఉన్నవి పీజో స్ఫటికాలు. కరెంటు తగిలితే ఆకారం మార్చుకుని ఇంకును నెడతాయి. క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన ధర్మానికి మరో వైపు ఇది. మా అల్ట్రాసౌండ్ ప్రోబ్ పనిచేసేదీ దానితోనే. ఒక్కో చుక్క కొన్ని పదుల పికోలీటర్లు. పికోలీటర్ అంటే లీటరులో లక్షకోట్లవ వంతు. అంత సున్నితమైన దాన్ని రోజుకు పన్నెండుసార్లు గుడ్డతో రుద్దడమూ, అంతుచిక్కని తలనొప్పికి నాలుగుసార్లు అదే మాత్ర రాయడమూ ఒకటేనని అక్కడ నిలబడే అర్థమైంది.

"ఆదివారం వస్తుందా నీకు తలనొప్పి?" అని అప్పుడు అడిగాను.

"ఊరికి పోతే రాదు సార్. పొద్దుగాల లేవంగనే ఎక్కువుంటది."

"రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

మిషన్ చివర నేల చూపించాడు. ఫ్లెక్స్ ముక్క మీద దుప్పటి, దిండు. దిండుకు మూరెడు దూరంలో మూతలేని వేస్ట్ ఇంకు డబ్బా. సీజన్‌లో రాత్రంతా ప్రింటు నడుస్తుంది, షట్టర్ దించేస్తారు. తడి ప్రింటు మీద దుమ్ము పడుతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేస్తారు. ఈ ఇంకుల్లో తరచూ వాడే సైక్లోహెక్సనోన్ ఆవిరి కళ్లనూ ముక్కునూ మండిస్తుంది, తలనొప్పి, మగత తెస్తుంది. ద్రవం చర్మంలోని నూనెను లాగేస్తుంది, చర్మం గుండా ఒంట్లోకీ పోతుంది. బీటల వేళ్లను నాలుగుసార్లు చూసి కూడా నేను వాటినీ తలనొప్పినీ కలిపి చూడలేదు. రోగిని నీ వృత్తి ఏమిటని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పుస్తకంలో రాశాడు. నేను వృత్తి అడిగాను. పడక ఎక్కడో అడగలేదు.

డబ్బాకు మూత వచ్చింది. ఫ్యాన్ నడుస్తోంది. గాలి లోపలికి వచ్చే కిటికీకి ఓనర్ గుడ్డ ఫిల్టర్ కట్టించాడు, దుమ్ము గొడవ తగ్గింది. అబ్బాయి కాకాగూడలో స్నేహితుల గదికి మారాడు. మూడో వారానికి తలనొప్పి లేదన్నాడు. చేతులకు మాత్రం నా క్లినిక్‌లోని సన్న గ్లవ్స్ ఇచ్చి మరో పొరపాటు చేశాను. ఆ సాల్వెంట్‌కు అవి ఆగవు. దానికి బ్యూటైల్ రబ్బరువి కావాలి.

ఆ తర్వాత అతనే తనతోపాటు పనిచేసే ఇంకొకతన్ని తీసుకొచ్చాడు. అదే షాపు, అదే తలనొప్పి. సాల్వెంటేనని నా నోటి దాకా వచ్చింది. కానీ ఇతనికి ఆదివారం కూడా వస్తోంది, ఊరికెళ్లినా వస్తోంది. బీపీ 190/120. వయసు ఇరవై ఆరు. పరీక్షిస్తే మూత్రంలో ప్రొటీన్ పోతోంది. జబ్బు కిడ్నీలో ఉంది. ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు, బీపీ అదుపులో ఉంది. వచ్చినప్పుడల్లా ముందు చేతులు చూస్తాను. గోళ్ల సందుల్లో ఇంకా రంగు ఉంటోంది. ఆ మందపాటి గ్లవ్స్‌తో హెడ్ తుడవడం రాదంటాడు. దాని మీద మా ఇద్దరికీ వాదన నడుస్తూనే ఉంది.