సంఖ్యను తెనిగించుట

12345654321 – ఎటునుండి చదివినా ఈ సంఖ్య ఒక్కటే. 111111ను దానితోనే గుణించగా వచ్చిన ఫలమిది. 3, 7, 11, 13, 37 అనే అయిదు ప్రధాన సంఖ్యల వర్గాలను వరుసగా గుణించినా ఇదే వస్తుంది. అంకెలన్నీ కూడితే 36. నడిమి అంకె ఆరుకు అది వర్గం.

ఇంతటి సౌష్ఠవమూ నోట పలికేసరికి నిలువదు. భిలాయిలో ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే నాకు ఈ సంగతి రెండు విధాల తెలుస్తుంది. తెలుగులో ఇది వెయ్యిన్నీ రెండువందల ముప్ఫైనాలుగు కోట్లతో మొదలవుతుంది. హిందీలో ‘బారహ్ అరబ్ చౌంతీస్ కరోడ్’ అని. మనకు ముప్ఫై ముందు, నాలుగు తరువాత. ‘చౌంతీస్’లో నాలుగే ముందు. విలువ చెడలేదు గాని, అంకెల వరుస చెవికి అందదు.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ సంఖ్యను వర్ణించాడు: ఒకటి మొదలు ఆరు వరకు పెరిగి, ఆపై క్రమంగా తగ్గేది అని. కోట్ల పేరు ఎత్తకుండా సంఖ్య స్వభావమే చెప్పాడు. అటువంటి మాట ఏ భాషలోనైనా చెదరక నిలుస్తుంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. నన్నయ భారతం వెలసిన శతాబ్దమే అది.

హిందీ వాక్యాన్ని తెనిగించేటప్పుడు, అరబ్‌లను కోట్లుగా మార్చినంత మాత్రాన తృప్తి పడుతున్నానేమో అని నాకు జంకు కలుగుతుంది. లెక్క సరిపోతుంది, హారం తెగిపోతుంది. అందుకే పదాలు వెదకడానికి ముందు, ఆ వాక్యం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గుతున్నదో చూచుకుంటాను.