నెలాఖరు లెక్క

1936లో మా గంజాం మద్రాసు నుండి విడివడి ఒరిస్సాలో చేరినను, బరంపురములోని మా యింట చిట్టా తెలుగులోనే నడచినది. నాన్నగారిని చూచి నేనును ఆ యలవాటు చేసికొంటిని.

1989లో నా జీతము 900 రూపాయలు. అద్దె, 40 కిలోల బియ్యము, పప్పు, నూనె, పిల్లవాని బడి జీతము, అమ్మ మందులు, పాలవాడు - ఎట్లు కూడినను 25వ తేదీకి చేయి ఖాళీ కావలెను. కాని నెలాఖరు వరకు పొయ్యి వెలుగుచునే యుండెను! అది నా గుమాస్తా తెలివి యనుకొని, తోడివారికి పొదుపును గూర్చి ఉపదేశములు కూడ చేసితిని.

ఒకనాడు జ్వరము తగిలి మధ్యాహ్నమే యిల్లు చేరితిని. వసారా నిండ చాపలమీద అప్పడములు ఆరుచున్నవి. మాకు పండుగకైనను అన్ని యక్కరలేదు. నా భార్య అప్పడాల కర్ర ప్రక్కన బెట్టి లేచినది.

"బడబజారు షావుకారు పిండి పంపుతారండీ. నూటికింతని కూలి. చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని..."

మూడేండ్లుగా నట!

ఆ రాత్రి చిట్టా తెరచి, ఆమె సంపాదనను జమ కట్టబోతిని.

"వ్రాయకండి. వ్రాస్తే దానికీ ఒక ఖర్చు చూపిస్తారు" అన్నది.

వ్రాయలేదు. ఇప్పుడు చలికాలమున ఆమె కుడి మణికట్టు నొచ్చును. తైలము నేనే రాయుదును. దాని ఖరీదు మాత్రము చిట్టాలో వ్రాయుచున్నాను.