మజ్జ నుంచి మెడ దాకా: టి-కణం ప్రస్థానం

టి-కణం ఎముక మజ్జలో పుడుతుంది. మూలకణాల నుంచి విడివడిన పూర్వకణాలు నెత్తుట్లో కలిసి, రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ చేరతాయి. పుట్టగానే థైమస్ తీసేసిన చిట్టెలుకల్లో లింఫోసైట్లు తగ్గిపోతాయని 1961లో జాక్ మిల్లర్ చూపడంతో ఈ గ్రంథి పని తెలిసింది.

థైమస్‌లో మొదటి మజిలీ వెలుపలి పొర. అక్కడి ఉపకళా కణాలను అంటుకుని ఉంటేనే పూర్వకణానికి నాచ్ సంకేతం అందుతుంది, అది టి-కణంగా మారుతుంది. సొంత గుర్తింపు ప్రోటీన్లను తన గ్రాహకంతో కొద్దిగానైనా పట్టుకోగలిగినది బతుకుతుంది, పట్టు చిక్కనిది చస్తుంది. లోపలి పొరలో పరీక్ష తిరగబడుతుంది. ఎయిర్ జన్యువు వల్ల అక్కడి కణాలు ఇన్సులిన్ వంటి ఇతర అవయవాల ప్రోటీన్లనూ చూపిస్తాయి. వాటిని మరీ గట్టిగా పట్టుకున్న కణాల్లో ఎక్కువ భాగం చస్తాయి. ఈ రెండూ దాటి బయటపడేవి నూటికి ఐదుకు మించవు.

మళ్ళీ నెత్తుటి దారి. తర్వాతి రేవు లింఫు గ్రంథి. అక్కడి సన్నని సిరల లోపలి కణాలు మిగతా చోట్ల ఉన్నట్టు పలచగా కాక ఉబ్బెత్తుగా ఉంటాయి. టి-కణం ఎల్-సెలెక్టిన్‌తో వాటిని తగులుకుని, పట్టీ పట్టనట్టు దొర్లుతుంది. గోడ మీది కీమోకైన్ తగలగానే దాని ఎల్ఎఫ్ఏ-1 ప్రోటీన్ బిగుసుకుంటుంది. దొర్లడం ఆగి, కణం గోడ దాటి లోపలికి జారుతుంది. ఈ ప్రోటీన్‌లో సగభాగమైన సీడీ18 లోపించి పుట్టిన పిల్లల్లో తెల్లకణాలు నెత్తుట్లో కుప్పలుగా ఉన్నా పుండు చీము పట్టదు, బొడ్డు ఆలస్యంగా ఊడుతుంది.

గ్రంథిలో తీగపందిరిలా అల్లుకున్న జాలక కణాల వెంట టి-కణం నిమిషానికి సుమారు 10 మైక్రాన్లు నడుస్తూ, క్రిముల శకలాలను చూపించే డెండ్రిటిక్ కణాలను ఒక్కొక్కటిగా తడుముతుంది. తన గ్రాహకానికి సరిపడే శకలం దొరికితే అక్కడే నిలిచి, కొన్ని రోజులపాటు విభజన చెందుతుంది. కాలి పుండుకు గజ్జల్లో బిళ్ళ కట్టేది ఇలా కణాలు చేరి, పెరగడం వల్లే.

ఏదీ దొరకకపోతే దాదాపు ఒక రోజులో పట్టు వదిలి, లింఫు నాళాల్లోకి దిగుతుంది. వాటిలో ఎక్కువ భాగం వక్షనాళంలో కలుస్తాయి. అది మెడ మొదట్లో, ఎడమవైపు పెద్ద సిరల సంగమం దగ్గర నెత్తుట్లో పడుతుంది. ఎలుకల వక్షనాళం నుంచి లింఫును బయటికి తోడి, ఈ కణాలు నెత్తురుకూ లింఫుకూ మధ్య తిరుగుతూనే ఉంటాయని జేమ్స్ గోవన్స్ నిరూపించాడు. నెత్తుట్లో పడ్డ కణం మరో గ్రంథి గోడను తగులుకుంటుంది.