అడవి, అన్నం, యజ్ఞశేషం

భగవద్గీత తృతీయాధ్యాయం అన్నాన్ని, వర్షాన్ని, యజ్ఞాన్ని ఒకే చక్రంలో దర్శింపజేస్తుంది. ఆ చక్రం నుండి స్వీకరించి, తిరిగి ఏమీ సమర్పించనివాడిని చోరునిగా గణిస్తుంది. ఈ ధర్మానికి కఠినమైన పరీక్ష తూర్పు కనుమలలోని పోడు భూములలో జరుగుతున్నది.

అక్కడి గిరిజనులు కొండవాలున కొంత అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది చల్లేవారు. కొన్ని పంటల తరువాత ఆ నేలను విడిచి మరొక చోటికి తరలేవారు. విడిచిన నేలపై ఏళ్ల తరబడి మళ్లీ వనం పెరిగేది. ఆ విరామమే వారు భూమాతకు చేసిన సమర్పణ. మిగిలిన పంట వారి యజ్ఞశేషం.

కాలక్రమాన జనసంఖ్య పెరిగింది, అటవీ నిర్బంధాలు బిగిశాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును నిరోధించడం 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణమైంది. సంచరించే నేల కుదించుకుపోగా విరామం తరిగింది. విశ్రాంతి లేని వాలు నుండి వానకు మట్టి జారిపోయింది.

ఆకలిగొన్నవాడిని చోరుడనడం సులభం. కాని అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయం చేరి, విశాఖపట్నానికి తాగునీరవుతుంది. ఆ నీరు తాగేవాడు కొండకు తిరిగి ఏమి అర్పిస్తున్నాడు? త్యాగాన్ని నిరుపేదకు విధించి, భోగాన్ని తనకు ఉంచుకోవడం అధర్మమే.

2006 అటవీ హక్కుల చట్టం ఈ న్యాయాన్ని కొంత గుర్తించింది. 2005 డిసెంబరు 13కు ముందే సాగులో ఉన్న గిరిజనులకు 4 హెక్టార్లకు మించకుండా హక్కునిచ్చి, అడవిని, జలవనరులను రక్షించే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. అరకు, పాడేరు ప్రాంతాలలో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మాన్లకు అల్లుకున్న మిరియపు తీగ మరొక మార్గం చూపాయి. అక్కడ చెట్టు నిలిస్తేనే జీవిక నిలుస్తుంది. అయినా కాఫీ గింజ ఆకలి తీర్చదు; ధర పడిపోతే రైతు చూపు మళ్లీ గొడ్డలి వైపు మళ్లుతుంది. ఒకే జాతి వృక్షాల వరుస సంపూర్ణారణ్యమూ కాజాలదు.

కనుక ఆ చెట్టును నిలిపే భారం కొండవాసి ఒక్కడిదే కారాదు. అతని పంటకు న్యాయమైన మూల్యం చెల్లించడం, గోస్తని నీటిని మితంగా వాడడం మైదానవాసి సమర్పణలు. ఈశావాస్యోపనిషత్తు ఉపదేశించిన త్యాగపూర్వక భోగం ఇరువురికీ సమానంగా వర్తించిననాడే అడవి, అన్నం రెండూ నిలుస్తాయి.